ఎంక్యూ అవుట్‌పుట్ నోడ్: ఒక చిన్న పెట్టె పనితనం

అరిజోనాలోని చాండ్లర్ అనగానే బయటివాళ్లకు ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. కానీ ఆ ఊళ్లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ ఆఫీసులూ ఉన్నాయి. అక్కడి తెలుగు ఇళ్లలో ‘ఏం చేస్తుంటారండీ’ అని అడిగితే ఒక్కోసారి ‘ఇంటిగ్రేషన్‌లో ఉన్నాను’ అన్న జవాబు వస్తుంది. ఆ మాటకు అర్థం ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. ఒక సిస్టం పంపిన సమాచారాన్ని ఇంకో సిస్టంకి అర్థమయ్యే రూపంలోకి మార్చి, పోకుండా, రెండుసార్లు పడకుండా చేరవేయడమే ఆ పని.

దానికి వాడే పాత సాధనాల్లో ఐబిఎం వారి మెసేజ్ బ్రోకర్ ఒకటి. దాని పేరు 2013లో ఇంటిగ్రేషన్ బస్ అయింది, 2018లో యాప్ కనెక్ట్ ఎంటర్‌ప్రైజ్ అయింది. పేరు ఏదైనా తెర మీద ఫ్లో గీసే పద్ధతి మాత్రం మారలేదు. ఎడమవైపు ఇన్‌పుట్ నోడ్ ఎంక్యూ (ఐబిఎం వారి మెసేజ్ క్యూల సాఫ్ట్‌వేర్) క్యూలోంచి మెసేజ్ తీసుకుంటుంది. మధ్యలో కంప్యూట్ నోడ్ దాన్ని మారుస్తుంది. కుడివైపు చివర అవుట్‌పుట్ నోడ్ ఉంటుంది. మెచ్చుకోళ్లన్నీ మధ్యలో కోడు రాసినవాడికే పోతాయి. చివరి నోడ్‌ని లాగి, వదిలి, క్యూ పేరు టైపు చేసి పని అయిపోయిందనుకుంటాం. నిజానికి డిజైనర్ల జాగ్రత్త అంతా కనబడేది ఆ నోడ్ ప్రాపర్టీల్లోనే.

ముందు పేరు సంగతి. క్యూ పేరుకి 48 అక్షరాల వరకు చోటుంది, పెద్దబడి చిన్నబడి తేడా ఉంది. ఎంక్యూ కమాండ్లు టైపు చేసే రన్‌ఎంక్యూఎస్‌సీలో కోట్స్ లేకుండా చిన్న అక్షరాల్లో క్యూ సృష్టిస్తే అది పెద్ద అక్షరాల్లోకి మారిపోతుంది. నోడ్‌లో రాసింది మాత్రం రాసినట్టే ఉంటుంది. కొత్తవాళ్లకు ఎదురయ్యే 2085 ఎర్రర్, అంటే ఆ పేరుతో క్యూ లేదన్న ఫిర్యాదు, చాలాసార్లు ఇక్కడ పుట్టిందే. పక్కనే ఉన్న క్యూ మేనేజర్ (క్యూలను నడిపే ప్రోగ్రాం) పేరు ఖాళీగా వదిలేయడం చాలాసార్లు తెలివైన పని. క్లస్టర్‌లో అదే క్యూ రెండు మూడు చోట్ల ఉంటే ఎటు పంపాలో ఎంక్యూ చూసుకుంటుంది. అయితే క్యూ నిర్వచనంలో డిఫ్‌బైండ్ ‘ఓపెన్’ అని ఉంటే, క్యూ తెరిచి ఉన్నంతసేపూ మెసేజ్‌లన్నీ ఒకే చోటికి పోతాయి. పంచుకోవాలంటే ‘నాట్ ఫిక్స్‌డ్’ కావాలి.

తర్వాత డెస్టినేషన్ మోడ్. మామూలుగా ‘క్యూ నేమ్’ ఉంటుంది. ‘రిప్లై టు క్యూ’ పెడితే, పంపినవాడు హెడర్‌లో జవాబు ఎక్కడికి రావాలని రాశాడో అక్కడికే పోతుంది. ‘డెస్టినేషన్ లిస్ట్’ పెడితే ఫ్లో నడుస్తుండగా లోకల్ ఎన్విరాన్‌మెంట్‌లో మన కోడు రాసిన క్యూల జాబితాను నోడ్ చదువుకుంటుంది. పది గమ్యాలకు పది నోడ్లు గీయక్కర్లేదు.

ఇక నాకు బాగా నచ్చిన జంట: ట్రాన్సాక్షన్ మోడ్, పర్సిస్టెన్స్ మోడ్. రెండూ ఒకటేనని పొరబడేవాళ్లు సీనియర్లలోనూ ఉన్నారు. సర్వర్ ఆగి మళ్లీ లేచినప్పుడు మెసేజ్ మిగలాలా అన్నది పర్సిస్టెన్స్. మిగలాలంటే క్యూ మేనేజర్ దాన్ని డిస్కు మీద లాగ్‌లో రాస్తుంది. తీసుకోవడం, మార్చడం, పెట్టడం అన్నీ కలిసి జరగాలా లేక అసలు జరగకూడదా అన్నది ట్రాన్సాక్షన్. రెండింటికీ డిఫాల్ట్ ‘ఆటోమేటిక్’. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. వచ్చిన మెసేజ్ పర్సిస్టెంట్ అయితే పోయేదీ పర్సిస్టెంటే. ఇన్‌పుట్ నోడ్ ట్రాన్సాక్షన్‌లో తీసుకుంటే అవుట్‌పుట్ నోడ్ కూడా అందులోనే పెడుతుంది. అంటే ముందే జరిగిన నిర్ణయాన్ని మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ తన ఇష్టానికి మార్చదు.

ట్రాన్సాక్షన్‌లో పెట్టిన మెసేజ్ క్యూలోకి వెళ్తుంది, కానీ ఎవరికీ అందదు. ఫ్లో చివరిదాకా క్షేమంగా నడిచి కమిట్ అయ్యాకే అవతలి ప్రోగ్రాం దాన్ని తీసుకోగలదు. మధ్యలో ఏదైనా విరిగితే పెట్టింది పెట్టనట్టే అవుతుంది, తీసిన మెసేజ్ ఇన్‌పుట్ క్యూలోకి తిరిగి చేరుతుంది. అదే నోడ్‌లో ‘నో’ అని ఎంచుకుంటే ఆ ఒక్క మెసేజ్ ట్రాన్సాక్షన్‌కి బయట వెంటనే పడిపోతుంది. డబ్బు కదిలే ఫ్లోలో ఇది ప్రమాదం. ఎర్రర్ లాగ్ రాసే నోడ్‌కి మాత్రం ఇదే ప్రాణం. ఫ్లో మొత్తం రోల్‌బ్యాక్ అయినా ఏం జరిగిందో చెప్పే మెసేజ్ లాగ్ క్యూలో మిగిలే ఉంటుంది. రెండు వ్యతిరేక అవసరాలను ఒకే పెట్టెతో, ఒక్క ఎంపికతో తీర్చారు.

మెసేజ్‌ని ఎవరు, ఎప్పుడు పెట్టారన్న గుర్తులే మెసేజ్ కాంటెక్స్ట్. ఇక్కడ చాండ్లర్‌వాళ్లకు ఉన్న ఒక సౌకర్యం చెప్పాలి. మెసేజ్ క్యూలో పడిన తేదీ, సమయం హెడర్‌లో గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. నవాహో ప్రాంతం తప్ప అరిజోనా వేసవిలో గడియారం మార్చదు. కాబట్టి హెడర్‌లో 14:30 ఉంటే చాండ్లర్‌లో ఉదయం 7:30, హైదరాబాద్‌లో రాత్రి 8. ఈ పన్నెండున్నర గంటల తేడా ఏడాది పొడవునా ఒకటే. రెండు ఊళ్ల మధ్య షిఫ్టు అప్పగించుకునేవాళ్లకు న్యూజెర్సీలో దొరకని సుఖం ఇది. డిఫాల్ట్ అయిన ‘పాస్ ఆల్’ మొదటిసారి పడిన సమయాన్ని, పంపిన యూజర్ ఐడీని అలాగే ముందుకు మోస్తుంది. ‘డిఫాల్ట్’ అనే ఇంకో ఎంపిక ఉంది, పేరు చూసి మోసపోవద్దు. అది పెడితే పాత గుర్తులు పోయి, అప్పటి సమయం, బ్రోకర్ యూజర్ ఐడీ వస్తాయి.

రిక్వెస్ట్ అని టిక్ పెడితే మెసేజ్ ఐడీ ఖాళీ అయి, ఎంక్యూ 24 బైట్ల కొత్త ఐడీ ఇస్తుంది. మామూలు పద్ధతిలో జవాబిచ్చే ప్రోగ్రాం దాన్ని కోరిలేషన్ ఐడీలో తిప్పి పంపుతుంది, రిజిస్టర్డ్ పోస్టు రసీదు నంబరులా. ఆ కొత్త ఐడీ మనకెలా తెలుస్తుంది? నోడ్‌కి ‘అవుట్’ టెర్మినల్ ఉంది. పెట్టడం అయ్యాక మెసేజ్ అక్కడినుంచి ముందుకు సాగుతుంది, లోకల్ ఎన్విరాన్‌మెంట్‌లో ‘రిటెన్ డెస్టినేషన్’ కింద ఆ ఐడీ రాసి ఉంటుంది. చివరి నోడ్ అనుకున్నది చివర కాకుండా పోయే వీలు ఇక్కడే ఉంది.

ప్రాపర్టీల్లో కనబడని పని ఒకటుంది. ఫ్లో నడిచినంతసేపూ అక్షరాలు యూనికోడ్‌లో ఉంటాయి. బైట్ల వరుసగా మారేది ఈ నోడ్ దగ్గరే, సీసీఎస్‌ఐడీ అనే అక్షర సంకేత నంబరు చెప్పినట్టు. 1208 అంటే యూటీఎఫ్-8. చాండ్లర్ పేరు ఇంగ్లిషులో 8 అక్షరాలు, 8 బైట్లు. తెలుగులో రాస్తే గుణింతం, పొల్లు, సున్న కలిపి అవీ 8 యూనికోడ్ సంకేతాలే, కానీ 24 బైట్లు. అవతల మెయిన్‌ఫ్రేమ్ ఉండి 37 అని ఇస్తే తెలుగుకు చోటే లేదు. ప్రశ్నార్థకం గుర్తులు పెట్టి నెట్టేయకుండా నోడ్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఇది మొండితనంలా కనిపించినా సరైన పనే.

ఫెయిల్యూర్ టెర్మినల్ దగ్గర ఆగాలి. దానికి తీగ కలపకపోతే పొరపాటేమీ కాదు. ఎక్సెప్షన్ వెనక్కి పోయి రోల్‌బ్యాక్ అవుతుంది. మళ్లీ మళ్లీ విఫలమైతే బ్యాకౌట్ క్యూకి, అదీ లేకపోతే డెడ్ లెటర్ క్యూకి చేరుతుంది. తీగ కలిపి, అటువైపు ఒక లాగ్ రాసి వదిలేస్తేనే చిక్కు. ఆ దారి సాఫీగా ముగిసింది కనుక బ్రోకర్ కమిట్ చేస్తుంది. అసలు మెసేజ్ ఇన్‌పుట్ క్యూలో ఇక ఉండదు. పూర్తి ప్రతి దాచకపోతే పోయినట్టే.

ఈ నోడ్ పెట్టిన ఫ్లోని ప్రొడక్షన్‌కి పంపేముందు టెస్ట్ సర్వర్‌లో గమ్యం క్యూకి పుట్ డిసేబుల్ పెట్టి ఒక మెసేజ్ పంపండి. 2051 ఎర్రర్ వస్తుంది, రావాలి. ఆ తర్వాత మెసేజ్ ఏ క్యూలో తేలిందో వెతకండి. ఎక్కడా దొరకకపోతే ముందు ఫెయిల్యూర్ తీగను చూడండి.