కిటికీ మీద ఇంటూ గుర్తు

అమెరికా చిన్న ఊళ్ళ హోటళ్ళ పాత పిక్చర్ పోస్టుకార్డుల్లో ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. అది వాతావరణం గొప్ప కాదు, షికాగోలోని కర్ట్ టైక్ లాంటి కంపెనీల పనితనం. 1930, 40ల్లో వచ్చిన ఈ ‘లినెన్’ కార్డులకి మూలం నలుపు తెలుపు ఫోటోనే. అడ్డొచ్చిన కరెంటు స్తంభాలూ తీగలూ చెరిపేసి, రంగులు అద్ది, నేతబట్టలా గరుకుగా ఉండే కాగితం మీద అచ్చేసేవాళ్ళు. ఫోటోషాప్‌కి తాత అన్నమాట.

అబద్ధాలని కొట్టిపారేయొచ్చు. నాకలా అనిపించదు. ఊరు తను ఎలా కనబడాలనుకుందో అవి నిజాయితీగానే చెప్తాయి. పైగా బస చేసినవాళ్ళు కొందరు ఏదో ఒక కిటికీ మీద పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి, మా గది ఇదే అని రాసి పంపేవారు. ఆ ఒక్క గుర్తుతో ప్రకటన కాస్తా ఉత్తరం అయిపోతుంది.

కానీ నన్ను ఆపేది చెరిపేసిన స్తంభం కాదు, అసలు ఫోటోలోకే రాని మనిషి. ఆ రోజుల్లో ఇలాంటి చాలా హోటళ్ళు నల్లజాతివాళ్ళకి గది ఇచ్చేవి కావు. వాళ్ళకి చోటు దొరికే జాగాల జాబితాగా విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ‘గ్రీన్ బుక్’ మొదలుపెట్టాడు. ఈ కార్డుల పక్కన దాన్నీ పెట్టుకుని చూడాలి. కిటికీ మీద ఆ ఇంటూ గుర్తు పెట్టే వీలు ఎవరికి ఉండేదో అప్పుడే తెలుస్తుంది.