ఏడేళ్లకే నడివయసు

రాయ్‌పూర్‌ వాసులకు క్లోనింగ్ అన్న మాట కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవి గేదె. ఉదంతి అడవుల్లోని ‘ఆశ’ అనే అడవి గేదె కణంతో, 2014 డిసెంబరులో దీపాశ అనే దూడను పుట్టించామని కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ప్రకటించింది. తర్వాత దాన్ని నవా రాయ్‌పూర్ జంగిల్ సఫారీకి తెచ్చారు. అది అచ్చం ఆశలాగే ఉందా అన్నదానిపైనే చర్చంతా నడిచింది. అలా పుట్టిన ప్రాణికి మనసుంటే దానికేమనిపిస్తుందో తెలియాలంటే నాన్సీ ఫార్మర్ నవల ‘ది హౌస్ ఆఫ్ ది స్కార్పియన్’ చదవాలి. 2002లో వచ్చిన ఈ పుస్తకానికి ఆ ఏడాదే అమెరికా నేషనల్ బుక్ అవార్డు దక్కింది.

ఎల్ పాట్రన్ నూట నలభై ఏళ్లు దాటిన మాదకద్రవ్యాల ప్రభువు. కొత్త గుండె కావలసి వచ్చినప్పుడు కోసి తీసుకోవడానికి తన కణంతోనే మాట్ అనే పిల్లవాణ్ణి పుట్టించుకున్నాడు. ఆ బిడ్డను మోసి కన్నది ఒక ఆవు.

ఫార్మర్ పనితనం విషయసూచికలోనే బయటపడుతుంది. 0 నుంచి 6 ఏళ్లు యౌవనం, 7 నుంచి 11 నడివయసు, 12 నుంచి 14 ముసలితనం. మాట్‌కు రాసిపెట్టిన ఆయుష్షు ఎంతో ఈ విభజనే చెప్పేస్తుంది. ఎక్కడా ఉపన్యాసం లేదు.

క్లోన్ అని తెలిశాక మాట్‌ను రంపపు పొట్టు పోసిన గదిలో పశువులా బంధిస్తారు. వాడు మాట్లాడటం మానేస్తాడు. ఎముకలు, టెంకలు, తొక్కలు పొట్టులో దాచుకుని, అవే తన నిధి అనుకుంటాడు. వాడి బాధను రచయిత్రి పెద్ద మాటలతో వర్ణించదు. ఆ దాచుకోవడాన్ని మాత్రం వివరంగా చూపిస్తుంది. తనదంటూ ఒకటి ఉండాలన్న కోరిక పుట్టిన చోటే మనిషి పుట్టాడని పాఠకుడే గ్రహిస్తాడు.

అన్నిటికన్నా సాహసం, మాట్‌ను అమాయకుడిగా మిగల్చకపోవడం. పుట్టినరోజు విందులో ఎల్ పాట్రన్ అండ చూసుకుని, అందరి ముందూ తనకు ముద్దు పెట్టమని స్నేహితురాలు మరియాను శాసిస్తాడు. ఆ క్షణంలో వాడిలో ముసలివాడి అహంకారం తొంగిచూస్తుంది. ప్రేమతో పాటు ఈర్ష్య, పగ, సిగ్గు కూడా రచయిత్రి వాడికి ఇచ్చింది కాబట్టే మాట్ బొమ్మలా కాక మనిషిలా నిలిచాడు. రక్తం ఒకటే అయినా, వంటమనిషి సీలియా పెంపకమూ వాడి సొంత ఎంపికలూ కలిసి వాణ్ణి ఇంకో దారి పట్టిస్తాయి.

క్లోన్లపై కిశోరుల కోసం వచ్చిన నవలల్లో నిర్మాణానికి ఇది మేలుబంతి. ఇంగ్లిష్ చదవగల పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే ఈ పుస్తకం వాళ్ల చేతికివ్వండి. ముందు మీరు చదవండి.