శాంతి పరిరక్షణ సంస్థల జయాపజయాలు: 'సైన్యం లేమి' వాదన – పునఃపరిశీలన

ముఖ్యపదాలు: నానాజాతి సమితి, ఐక్యరాజ్యసమితి, భద్రతామండలి, సమ్మతి, హైదరాబాదు సమస్య

సొంత సైన్యం లేనందువల్లనే నానాజాతి సమితి విఫలమైందనీ, ఆ లోపాన్ని సవరించుకున్నందువల్ల ఐక్యరాజ్యసమితి కొంతమేరకు కృతకృత్యమైందనీ చెప్పడం పరిపాటి. పరీక్షలో సమాధానంగా రాయడానికి ఇది అనువైన వాదనే. చరిత్ర మాత్రం దీనిని సమర్థించదు.

ఐక్యరాజ్యసమితికి నేటికీ సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు తమ బలగాలను భద్రతామండలికి అందుబాటులో ఉంచాలనే 43వ అధికరణం కింద ఒక్క ఒప్పందమూ కుదరలేదు. 'శాంతి పరిరక్షణ' అనే మాటే చార్టరులో కనిపించదు. మరోవైపు, నానాజాతి సమితి సైన్యాన్ని వినియోగించిన సందర్భం ఉంది. 1935 జనవరిలో సార్ ప్రాంతపు ప్రజాభిప్రాయ సేకరణ బ్రిటన్, ఇటలీ, స్వీడన్, నెదర్లాండ్స్ దేశాలకు చెందిన సుమారు 3,300 మంది సైనికుల రక్షణలో జరిగింది. 1925లో బల్గేరియాలోకి చొరబడిన గ్రీసు సేనలైతే సమితి మాట మీదనే వెనుదిరిగాయి. గ్రీసు నష్టపరిహారం కూడా చెల్లించింది. అదే సమితి 1931లో మంచూరియా విషయంలో జపానును నిలువరించలేకపోయింది. సార్‌కు సైనికులను పంపిన ఇటలీయే అదే ఏడాది అక్టోబరులో అబిసీనియాపై దండెత్తింది. సంస్థ మారలేదు, ఎదుట నిలిచిన రాజ్యం మారింది.

ఐక్యరాజ్యసమితి చరిత్రలోనూ ఇదే తీరు. మొజాంబిక్‌లో 1992 నాటి రోమ్ ఒప్పందానికి ముందే ఉభయపక్షాలూ యుద్ధంతో అలసిపోయాయి. తిరుగుబాటుదారులకు దక్షిణాఫ్రికా అండ సన్నగిల్లింది. వారు రాజకీయ పార్టీగా మారడానికి నిధులు సైతం సమకూరాయి. 1994లో ఎన్నికలు జరిగాయి. రువాండాలో అదే ఏడాది సమితి సైనికులు ఉండనే ఉన్నారు. పదిమంది బెల్జియం సైనికులు హతులు కాగానే, మారణకాండ సాగుతుండగానే, భద్రతామండలి ఆ బలగాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించింది. అక్కడ కొరవడింది సైన్యం కాదు, సభ్యరాజ్యాల సంకల్పం. సమ్మతి కూడా శాశ్వతం కాదు: 1956లో అనుమతించిన సమితి బలగాన్ని 1967 మేలో ఈజిప్టు వెళ్లిపొమ్మన్నది, జూన్‌లో యుద్ధం వచ్చింది.

తెలుగునేలకు సంబంధించిన ఉదాహరణను ఈ చర్చలో తరచు విస్మరిస్తారు. 1948లో అనకాపల్లి మద్రాసు రాష్ట్రంలోనూ, వరంగల్లు నిజాం రాజ్యంలోనూ ఉన్నాయి. భారతదేశంతో వివాదాన్ని నిజాం ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టు 21న భద్రతామండలికి నివేదించింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యమే కాదు గనుక ఫిర్యాదు చెల్లదన్నది భారత వాదం. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించాయి. పారిస్‌లో 16న మండలి విషయాన్ని చేపట్టింది. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. అనంతరం ఫిర్యాదునూ ఉపసంహరించుకున్నాడు. ఒక పక్షం మండలి అధికార పరిధినే అంగీకరించలేదు. ఆ పక్షాన్ని బలవంతపెట్టడానికి ఏ అగ్రరాజ్యమూ ముందుకు రాలేదు. సొంత సైన్యం ఉన్నా ఈ స్థితిలో మండలి దానిని కదిలించగలిగేదని చెప్పడం కష్టం. అయినప్పటికీ 'హైదరాబాదు సమస్య' ఆ తరువాత దశాబ్దాలపాటు మండలి పరిశీలనాంశాల జాబితాలో కొనసాగింది.