ఎద్దు, గాడిద: క్రీస్తు జననచిత్రమునకు మూలవిచారము

క్రిస్మసునాఁడు క్రైస్తవాలయములందును గృహములందును పశువులపాకను గట్టి, తొట్టిలో శిశువు నుంచి, ఇరువంకల నెద్దును గాడిదను నిలుపుట పలుదేశములఁ గానవచ్చెడి యాచారము. ఆ యెద్దును ఆ గాడిదయు సువార్తలలో లేవు. మత్తయి తూర్పుదేశపు జ్ఞానులను జెప్పెను; లూకా రెండవ యధ్యాయమున గొఱ్ఱెలకాపరులను, తొట్టిని జెప్పి యూరకుండెను. 2012వ సంవత్సరమునఁ బదునాఱవ బెనెడిక్టు పోపు క్రీస్తు బాల్యమునుగూర్చి ప్రకటించిన గ్రంథమున నీ మాటయే చెప్పఁగా, పోపు పశువులను వెడలఁగొట్టుచున్నాఁడని కొన్ని వార్తాపత్రికలు గగ్గోలుచేసెను. ఏ జననచిత్రమును వానిని విడువఁబోదని యాయన యచ్చటనే వ్రాసినది ఆ పత్రికలవారు చదివినట్లు తోఁపదు.

తొట్టియున్నచోటఁ బశువు లుండుట సహజమేకదా యని కొందఱందురు. ఈ యుక్తి చాలదు. పశువులు మాత్రమే వలసినచో మేఁకయో యొంటెయో యుండఁగూడదా? ఈ రెంటినే గ్రహించుటకు నియామకమైన హేతువు వేఱొకటి కావలెను.

అది యెషయా ప్రవచనమున మొదటి యధ్యాయము మూఁడవ వచనమునఁ గలదు. ప్రవక్త తన జనుల యవివేకమును నిందించుచు, తమ యజమానుని గుర్తించు జంతువులుగా నెద్దును గాడిదను దృష్టాంతముగాఁ జూపెను. ఆ వచనమునకుఁ బ్రాచీన గ్రీకు అనువాదమునఁ గల ‘ఫాత్నే’ శబ్దమే లూకా శిశువు పరుండిన తొట్టికిని వాడెను. శబ్దైక్యమే యీ రెండు స్థలములను గలిపిన సూత్రము. మూఁడవ శతాబ్దమున ఓరిగెన్ లూకా సువార్తపై నుపన్యసించుచు నీ సంబంధమును జూపి, ఎద్దు ధర్మశాస్త్రమున శుద్ధజంతువనియు గాడిద యశుద్ధమనియు వివరించెను. ఈ రెంటిని నొక్క కాఁడికిఁ గట్టి దున్నరాదని ద్వితీయోపదేశకాండము నిషేధించినది. అట్టివి యొక తొట్టికడఁ గూడుట వ్యాఖ్యాతల కెంతటి యర్థమును స్ఫురింపఁజేసెనో యూహింపవచ్చును. ఎద్దు యూదులనియు, గాడిద యన్యజనులనియు వ్యాఖ్య పెరిగినది.

రెండవ మూలము హబక్కూకు గ్రంథమున మూఁడవ యధ్యాయము రెండవ వచనము. ఇది వైయాకరణులకు మిక్కిలి రుచించెడి స్థలము. హీబ్రూ మూలమున ‘సంవత్సరముల నడుమ’ నీ కార్యమును జీవింపఁజేయుమని ప్రార్థన. గ్రీకున ‘రెండు ప్రాణుల నడుమ’ నీవు తెలియఁబడుదువని యున్నది. ఇంత భేదమెట్లు కలిగెను? ఆ లిపిలోఁ బూర్వము హల్లులే ప్రధానముగా వ్రాయఁబడెడివి. అచ్చులను సమగ్రముగాఁ దెలుపు చిహ్నములు క్రీస్తుశకమునఁ జాల శతాబ్దములు గడచినపిదపఁ గలిగినవి. నాలుగే హల్లులు ‘షానీం’ అని చదివిన సంవత్సరములు, ‘షెనయీం’ అని చదివిన రెండు. పక్కనున్న క్రియకును ప్రాణివాచకమునకును ధాతువొక్కటే. మన జీవధాతువునుండి ‘జీవించు’, ‘జీవి’ అను రెండును వచ్చినట్లు. గ్రీకునఁ గూడ నింకొక చిక్కు కలదు. ‘జోఓన్’ అను పదము స్వరభేదముచేత ‘జంతువులయొక్క’ యనియు, ‘జీవితములయొక్క’ యనియు నగును. ప్రాచీన ప్రతులలో స్వరచిహ్నము లుండవు. స్వరము మాఱఁగా ‘ఇంద్రశత్రు’ శబ్దమున సమాసమే మాఱి వృత్రునికిఁ గీడు మూడినదని మహాభాష్యమునఁ జదివినవారికి నిది వింతగాదు.

ఈ పాఠమును గైకొన్న ఆగస్టీను తన ‘దైవనగరము’న రెండు ప్రాణులనఁగా రెండు నిబంధనలో, సిలువకడ నిద్దఱు దొంగలో, మోషే యేలీయాలో యని వికల్పములు చెప్పెను, ఎద్దు గాడిదల పేరెత్తలేదు. అనఁగా నైదవ శతాబ్దారంభమునను నీ యర్థము స్థిరపడలేదు. శిల్పులు మాత్రము వ్యాఖ్యాతల నిర్ణయమునకై వేచియుండలేదు. మిలాను నగరమున సంత అంబ్రోజియో యాలయమందలి నాలుగవ శతాబ్దాంతపు శిలాశవపేటికపై, తల్లియైనను లేక, శిశువును ఆ రెండు జంతువులును మాత్రమే చెక్కఁబడియున్నవి. మత్తయి పేర వెలసిన యొక కల్పితసువార్త, సుమారు ఏడవ శతాబ్దమునాఁటిది, పై రెండు ప్రవచనములను బేర్కొని యీ కథను జెప్పినది. కావున నా గ్రంథమే యీ యాచారమునకు మూలమను ప్రసిద్ధవాదము నిలువదు. చిత్రమే ముందు, కథ వెనుక. 1223లో ఇటలీదేశపు గ్రేచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు సజీవమైన యెద్దును గాడిదను దెప్పించి పండుగ జరపినపిదప నీ యాచారము మిగులఁ బ్రబలెను.

వాల్మీకమున లేని లక్ష్మణరేఖతో దీనిని బోల్చుట తగదు. అది కథకులు చేర్చిన కొత్త సంఘటన. ఇది యున్న పదమునకు వ్యాఖ్య రూపుగట్టుట. జెరోము హీబ్రూ ననుసరించి ‘సంవత్సరముల నడుమ’ నని లాటినున దిద్దినను, రోమక సంప్రదాయమున శుభశుక్రవారపు గీతమునఁ బ్రాఁతపాఠమే బహుశతాబ్దములు పాడఁబడెను.

వాడుకలోనున్న తెలుఁగు బైబిలున లూకాయందుఁ ‘బశువుల తొట్టి’ యుండఁగా, యెషయాయందు ‘దొడ్డి’ యున్నది. హీబ్రూపదమునకును మేఁతతొట్టియే యర్థము గాన నచ్చట దొడ్డియనుట మూలమునకు దూరము. అంతేకాక రెండు స్థలములకుఁ గల శబ్దబంధము తెలుఁగువారికిఁ దెగిపోయినది. పునర్ముద్రణమున నచ్చటఁ ‘దొట్టి’ యని దిద్దుటయో, అధస్సూచికయైనఁ జేర్చుటయో యుచితము.