రాగిమాల్టు: పేరును రుచియును

కావ్యమునకు విమర్శ కలదు, గానమునకు కలదు; గిన్నెలోని జావకు విమర్శ యేల యని కొందరు చదువరులు నవ్వవచ్చును. నవ్వనిండు. మన పూర్వులు షడ్రుచులను లెక్కించి, ఏది దేనితో పొసగునో తేల్చుకొనిన పిమ్మటనే నవరసముల జోలికి పోయి యుందురని మాకు తోచును.

తీర్థమలై చుట్టుపట్ల చేలలో రాగి నేటికిని పండుచున్నది. తమిళనాట రాగిపంటకు పేరుపొందిన సీమలలో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు ముందువరుసలోనివి. ఇచ్చట తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో అవి రాగులు, విశాఖ, శ్రీకాకుళములవారికి చోళ్లు, తెలంగాణమువారికి తైదలు, ప్రక్కయింటి తమిళులకు కేళ్వరగు. మన సంకటి వారింట కళి యగును. మన అంబలి వారింట కూళు. ఆడినెలలో మారియమ్మ కోవెలముందు కూళు పోయునపుడు చెంబు పట్టుకొని నిలిచినవారిలో ఎవరిది ఏ భాషయో అడుగువారు లేరు.

ఇన్ని పేర్లుగల ధాన్యమునకు ఇటీవల మరియొక పేరు తగిలినది: మాల్టు. మా ఫిర్యాదు ఆ పేరునుగూర్చియే.

మాల్టు అనగా వట్టి పిండి కాదు, కాచిన జావయు కాదు. మొలకెత్తించి, ఆ మొలకను తగిన వేళకు ఆపి, ఎండబెట్టిన ధాన్యమే మాల్టు. రాగులను ఒక రాత్రి నానవేసి, నీరు వార్చి, తడిగుడ్డలో మూటగట్టి, ఒకటి రెండు దినములు మొలక రానిత్తురు. పిదప ఎండలో ఆరవైచి, చేతులతో నలిపి మొలకవేళ్లను చెరిగివేసి, సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చువరకు మాత్రము వేచి విసరుదురు. ఈ కొద్దిపనిలోనే రుచి యంతయు నున్నది. వేళ్లు మిగిలినచో చేదు; మూట గాలి తగులక యుడికినచో ముక్కవాసన; వేపుడు హెచ్చినచో మాడువగరు. అన్నియు కుదిరిన పిండిని కాచి చూడుడు: బెల్లము వేయకమునుపే నాలుకకొనను ఒక లేత తీపి తగులును. రాగిపొట్టునకు సహజమైన వగరు పూర్తిగా పోదు, తీపివెనుక నీడవలె నుండును. జావ జారుగా నుండును. వట్టిపిండి జావ యట్లుగాక, చల్లారిన కొలదిని మీగడకట్టి గరిటెకు బరువగును.

ఈ భేదమునకు కారణము కలదు. మొలకెత్తు గింజ తనలోని పిండిని చక్కెరగా విడగొట్టుకొనుటకు ఒక ఎంజైమును పుట్టించుకొనును. జావ వెచ్చబడునపుడు ఆ ఎంజైము మేల్కొని పని చేయును, తెర్లునపుడు నశించును. చిరుధాన్యములలో మాల్టునకు మిక్కిలి అనువైనది రాగియేనని మైసూరులో 1950లో స్థాపితమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు చూపి, మొలకరాగులకు మొలకపెసలను జోడించి పసిపిల్లల ఆహారమును రూపొందించిరి. అమ్మమ్మలు పేరు తెలియకయే చేయుచుండిన పనికి వారు లెక్క కట్టిరి.

ఇక మాల్టు అను మాటకు పుట్టినిల్లగు దేశమువైపు చూతము. మేము మద్యప్రశంసకు పూనుకొనలేదు. మద్రాసు రాష్ట్రమున మద్యనిషేధము 1937లో మొట్టమొదట అమలైనది సేలం జిల్లాలో. 1965లో వేరుపడిన మన ధర్మపురి నాడు అందలి భాగమే. అయినను స్కాట్లండువారి విస్కీనుండి నేర్వదగినది యొకటి కలదు. అచ్చట బార్లీని మొలకెత్తించి, కొలిమివేడిమిని ఎండబెట్టి, పులియబెట్టి, బట్టీపట్టి, ఓకుపీపాలలో కనీసము మూడేండ్లు నిలువయుంతురు. ఒకే బట్టీలో పుట్టిన మాల్టు సింగిల్ మాల్టు. రెండు మూడు బట్టీల మాల్టులను మాత్రమే కలిపినది బ్లెండెడ్ మాల్టు. వేరుధాన్యపు విస్కీ చేరినచో అందుండి మాల్టు అను మాట తొలగి, వట్టి బ్లెండెడ్ అని మాత్రమే మిగులును. 2009 నాటి శాసనము ఈ హద్దులను గీసినది. అంతకుముందు 2003లో కార్డూ అను సింగిల్ మాల్టునకు గిరాకి హెచ్చగా, యజమానులు ఇతర బట్టీల సరకు కలిపి, ఇంచుమించు అదే సీసాలో, ప్యూర్ మాల్టు అను పేర అమ్మజూచిరి. తోడి వర్తకులే గగ్గోలు పెట్టిరి. మరుసటియేడు ఆ సరకు వెనుకకు పోయినది. కలుపుట వారికి తప్పు కాలేదు, పేరు మఱుగుపరచుటయే తప్పైనది.

నిజమునకు అచ్చటి రసజ్ఞులు మంచి మిశ్రమమును మెచ్చుకొందురు. జానీవాకర్ గ్రీన్ లేబుల్ అను బ్లెండెడ్ మాల్టులో టాలిస్కర్, కాల్ ఈలా అను ద్వీపపు మాల్టుల పొగయు మిరియపుఘాటును, లింక్‌వుడ్, క్రాగన్‌మోర్ అను లోనాటి మాల్టుల పూలవాసనయు తేనెతీపియు ఒకదాని నొకటి మ్రింగక నిలుచుననుటయే దానికి వారిచ్చు కితాబు.

మన అంగళ్లలోని మాల్టుపొట్లముల కీ కొలత పట్టి చూచితిమి. పెక్కింటిలో రాగి మొలకెత్తనే లేదు. వేచి విసరిన పిండికి పంచదారయు ఏలకులును చేర్చి మాల్టు అని పేరుపెట్టిరి. చెరకుమడ్డి సారాయమునకు రంగువేసి విస్కీ యని అమ్ముట ఈ దేశమున చిరకాలముగా నున్నదే. ఐరోపావారి శాసనము దానిని విస్కీగా నొప్పదు. జావపొట్లముది అంతకంటె చిన్న నేరము కావచ్చును గాని, త్రాగువారు పసివారు.

సత్తుమావు అను బహుధాన్యపు పిండి తీరు వేరు. రాగి, గోధుమ, పెసలు, పుట్నాలపప్పు, వేరుసెనగలు, బాదము, మరి తోచినదెల్ల అందు చేరును. వస్తువుల సంఖ్యయే గొప్ప యైనట్లు పొట్లముమీద ముద్రింతురు. మా నాలుకకు అందు మొదట తగులునది ఏలకి, పిదప పుట్నాల మందము, నిలువయున్నకొలది వేరుసెనగనూనె ముక్క. రాగి యెచ్చట నున్నదో వెదుకవలసివచ్చును. మొలకరాగి, మొలకపెసలు, కొంచెము మొలకగోధుమ: ఈ మూటిని వేరువేరుగా మొలకగట్టి, వేరువేరుగా వేచి కలిపినచో రాగి వగరు అడుగున నిలుచును, పెసల కమ్మదనము నడుమ నడచును, గోధుమ తీపి పైకి తేలును.

ఇది నాలుక మురిపెము మాత్రమే కాదు. ఏడాదిలోపు బిడ్డ కడుపు పిడికెడంత. వట్టిపిండి జావ చిక్కబడునని తల్లి నీరు పోసి పలుచన చేయును. కడుపు నిండును, బలము చాలదు. మొలకపిండియైనచో అదే పలుచదనమునకు హెచ్చు పిండి పట్టును. పేరు నమ్మి మాల్టు పోయుచున్నాననుకొను తల్లికి ఆ మేలు దక్కకుండుటయే మా బాధ. 2023లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లలకు వారమునకు మూడు దినములు బెల్లము కలిపి పోయింప నారంభించినదానికి తెలుగున రాగిజావ యనియే పేరు. అది మాకు నచ్చినది. ఆంగ్లపత్రికలు కొన్ని దానిని మాల్టు అని వ్రాసినవి! రాముడు, కుమారుడు, గౌరి, అగస్త్యుడు, అగ్ని యని ఒక్క కొండమీది నీళ్లకే ఐదు పేర్లు నిలిపి యుంచిన ఊరు మనది. జావకొక పేరు, మాల్టునకొక పేరు ఉంచుట బరువగునా?

పొట్లమును పరీక్షించు ఉపాయము వంటయింటనే కలదు. వట్టి రాగిపిండితో చిక్కని జావ కాచి దింపుడు. వ్రేలు పెట్టలేనంత వేడిగా, అయితే తెర్లక యున్నపుడు, ఆ పొట్లములోని పిండి ఒక చెంచాడు చల్లి కలియబెట్టుడు. మొలకపిండియైనచో కొద్ది నిమిషములలో జావ జారి, గరిటె తేలికపడును. పడనిచో అది మొలకెత్తనిదైనను, అతిగా వేగినదైనను అయి యుండును. చూచిన పిమ్మట జావను మరల ఒక పొంగు రానిచ్చి పిల్లలకు పోయవచ్చును, పారబోయ పనిలేదు.