బర్మా పాత నోట్లకు విలువ కట్టే నేర్పు
యాంగోన్ నగరంలోని తాకేటాలో ఏ పాత ట్రంకుపెట్టెలోనో బయటపడిన నోటుకు విలువ కట్టాలంటే బర్మా చరిత్ర క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. 1937లో ఆ దేశం భారత్ నుంచి వేరుపడ్డాక కూడా కొన్నేళ్లు మన రిజర్వు బ్యాంకే అక్కడికి నోట్లు అందించింది, 1942లో జపాను ప్రభుత్వం వేసిన రూపాయి నోట్ల మీది అక్షరాలు ‘బి’తో మొదలవుతాయి, 1945లో భారత నోట్ల మీదే బర్మా సైనిక పాలన పేరును అదనంగా అచ్చువేశారు, దీనినే పైముద్ర అంటారు. నకిలీ పైముద్రను పట్టుకోవడంలోనే ఈ విద్య గొప్పదనమంతా కనిపిస్తుంది: అసలు ముద్ర మడత కన్నా ముందుది కనుక మడత పడ్డచోట సిరా చిట్లుతుంది, తర్వాత వేసినదైతే ఆ గీతలోకి దిగుతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన నోటు ఎంత మెరిసినా ధర పడిపోతుంది. 1987 సెప్టెంబరులో రద్దయి జనం పొదుపును ఊడ్చుకుపోయిన 25, 35, 75 చాట్ల నోట్లను సైతం శ్రద్ధగా భద్రపరిచే సేకర్తల ఓపిక నిజంగా మెచ్చదగినది.