పొరకీ పొరకీ మధ్య ఇనుము

స్విట్జర్లాండులో జూలియర్ కనుమ దారి పక్కన ములెన్స్ అనే కుగ్రామం ఉంది. ఊరంతా కలిపి పట్టుమని పాతికమంది కూడా ఉండరు. 2025 మే నెలలో అక్కడ దాదాపు 30 మీటర్ల తెల్లని బురుజు ప్రారంభమైంది. పేరు టోర్ ఆల్వా. ఒకప్పుడు ఈ కొండల నుంచి వలసవెళ్లి యూరప్ నగరాల్లో మిఠాయి పనివాళ్లుగా రాణించినవారిని తలపించేలా దాని 32 స్తంభాల మీద కేకు అలంకారం వంటి మెలికలున్నాయి. ఈ స్తంభాలకు సెంట్రింగ్ లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఐదు నెలల పాటు రోబో చేత్తో కాంక్రీటును పొర మీద పొర వేసి ప్రింటు చేశారు. రూపకల్పన మైఖేల్ హాన్స్‌మేయర్, బెంజమిన్ డిల్లెన్‌బర్గర్‌లది.

మెలికలు ముచ్చటగానే ఉన్నాయి. నాకు అంతకంటే గొప్పగా తోచింది మాత్రం కంటికి కనిపించని ఇనుము పని.

కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప ఊచ చుట్టూ పలచని రక్షణ పొరను నిలబెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగి ఆ గుణాన్ని చంపితే, లేదా ఉప్పు ఊచదాకా చేరితే, తుప్పు మొదలవుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. స్లాబు పోత మధ్యలో ఆగితే ఆ అతుకు దగ్గరే వానాకాలంలో నీరు కారుతుందని మన మేస్త్రీలకు బాగా తెలుసు. ప్రింటు చేసిన స్తంభంలో అటువంటి అతుకు ప్రతి పొరకీ ఉంటుంది. పైగా వైబ్రేటర్ పెట్టి కుదించే వీలుండదు. చెక్కల మాటున ఉండని తడి కాంక్రీటు ఎండకూ గాలికీ త్వరగా ఆరిపోతుంది. 2023లో సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో ప్రింటు పద్ధతిలో గుడి కట్టారు. మన ఎండల్లో ఇలాంటి పనికి ఈ చిక్కు మరీ ఎక్కువ.

కింది పొర పై పొరను మోసేంత గట్టిపడాలి, దానితో కలిసిపోయేంత మెత్తగానూ ఉండాలి. రెండూ ఒకే క్షణంలో కావాలి. ఈటీహెచ్‌లోని రాబర్ట్ ఫ్లాట్ బృందం పట్టుకున్నది ఆ క్షణాన్నే. అది దాటితే పొరల మధ్య బిగువు సడలుతుంది, నీటికి దారి దొరుకుతుంది.

ఊచ పెట్టడం ఇంకా సున్నితమైన పని. ఒక రోబో కాంక్రీటు వేస్తూ పోతుంటే, ప్రతి 20 సెంటీమీటర్లకు రెండో రోబో తాజా పొరలో ఇనుప రింగు పెడుతుంది. అక్కడి వాల్టర్ కాఫ్‌మన్ బృందం ఈ ఇనుము పద్ధతి మీద పనిచేసింది. రింగు పడేది సరిగ్గా పొరల సందు దగ్గర, అంటే అతి బలహీనమైన చోట. దాని చుట్టూ చిన్న బోలు మిగిలినా తుప్పుకు స్థావరమే. అందుకే పై పొర దాన్ని పూర్తిగా కప్పుకోవాలి. నిలువు ఊచలను ప్రింటింగ్ అయ్యాక చేర్చారు. బలం ఎక్కడ కావాలో అక్కడికే ఇనుమును తీసుకెళ్లిన ఈ ఓర్పు నాకు చాలా నచ్చింది.

చలికాలంలో ములెన్స్‌లో నీరు గడ్డకట్టి కరిగే చక్రం పదేపదే తిరుగుతుంది. కాంక్రీటుకు అది కఠిన పరీక్ష. బురుజు ముక్కలను మరలతో, తీగలతో బిగించారు కనుక కొన్నేళ్లకు దాన్ని విప్పి మరోచోట నిలబెట్టవచ్చు. అలా విప్పిన రోజున ప్రతి స్తంభాన్నీ పొరపొరగా పరిశీలించి, రింగుల దగ్గర తుప్పు మరక ఉందో లేదో చూడవచ్చు.